అయిదు గుంటల బిస్కట్

"వాణ్ణి నడవనివ్వకండి ఆంటీ," అంది సువర్ణకుమారి, చంటివాణ్ణి డోరిస్ చేతుల్లో పెడుతూ.

డోరిస్ పక్కింటి పెద్దావిడ. ఆస్ట్రేలియాలోని ఆ టూంగాబీ పేట మొత్తానికి డోరుకి గడియ పెట్టని మనిషి ఆ డోరిస్ ఒక్కతే. సువర్ణ ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీకి వెళ్లిన రోజుల్లో పదకొండు నెలల నోవాని ఆవిడే చూసుకుంటుంది. వాడి పేరు వాడికి అతికినట్టు సరిపోయింది. ఎవరు 'నో' అన్నా వాడు వెంటనే 'వా' అంటాడు.

"నడిచే పిల్లాణ్ణి ఎలా ఆపుతారు లవ్?" అంది డోరిస్ తన ఆస్ట్రేలియా యాసలో. ఆవిడకి అందరూ 'లవ్'లే.

"ఎత్తుకోండి. లాగు పట్టుకుని వెనక్కి లాగండి. ఏదో ఒకటి చేయండి. వీడు బోర్లా పడింది మీ కార్పెట్ మీద. పాకింది మీ కిచెన్‌లో. మొదటి పన్ను గుచ్చుకుంది మీ వేలికి. నేను మాత్రం ఊళ్లోవాళ్ల జ్వరాలు చూసుకుంటూ కూర్చున్నాను. అడుగైనా నా ఎదురుగా పడాలి ఆంటీ. అదొక్కటీ నాకు మిగల్చండి."

నవ్వబోయిన డోరిస్ మానేసింది.

"సరే లవ్. మరి అడుగేసిన రోజున ఏం వండుతారు?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. బోర్లా పడినందుకు బొబ్బట్లు, గడప దాటినందుకు గారెలు ఇదివరకే కంచె దాటి ఆవిడ ఇంటికి చేరాయి. మన పిల్లలు పాలతో ఎంత పెరుగుతారో ప్రాసతోనూ అంతే పెరుగుతారు మరి.

"అడుగులకు అరిసెలు. బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు. గుండ్రంగా తట్టి, పిల్లాడి చేత వాటి మీద అడుగులు వేయించి, అందరికీ పంచుతాం. ఆ రోజే చేస్తే మంచిదంటుంది మా అమ్మ. అదిగో బస్సు," అంటూ సువర్ణ పరుగెత్తింది.

గురువారం సాయంత్రం కంచె మీదుగా ఒక పళ్లెం వచ్చింది. పళ్లెం వెనక డోరిస్, డోరిస్ చంకలో నోవా. పళ్లెంలో గోధుమరంగు బిస్కట్లు, పైన చల్లిన నువ్వులు.

"ఏంటి ఆంటీ విశేషం?"

"ఏం లేదు లవ్. ఓవెన్ ఖాళీగా ఉందని. కానీ పైనున్నది నీకే. ఎవ్వరికీ పెట్టకుండా నువ్వే తినాలి."

"వీడి మేజోడు ఒకటేది? ఇక్కడి ఆగస్టు చలిలో ఒంటి కాలికే తొడిగారేం?"

"తడిసింది, ఉతికి ఆరేశాను," అంటూ డోరిస్ గబగబా వెళ్లిపోయింది.

సువర్ణ భర్త జోజయ్య ఒక బిస్కట్ కొరికి దవడ పట్టుకున్నాడు. "ఏందే ఇది, బిస్కట్టా, బిల్డింగు సామానా? ఓవెన్‌లో చేసినట్టు లేదు, ఇటుకల బట్టీలో కాల్చినట్టుంది."

"నెమ్మదిగా అనండి, వినపడుద్ది. ఇదిగో, నాకిచ్చినదానికి అంచున అయిదు గుంటలున్నయ్. ఏం డిజైనండీ ఇది?"

"ఫైవ్ స్టార్ బిస్కట్. తిన్నవాళ్లకి స్టార్లు కనపడతయ్."

సువర్ణ దాన్ని టీలో ముంచింది. టీ మెత్తబడిందేమో గాని బిస్కట్ మెత్తబడలేదు. అయినా ముక్క మిగల్చకుండా తినేసింది. ప్రేమతో ఇచ్చినదాన్ని పళ్లకు భయపడి పారేయలేం కదా.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెరట్లో బట్టలు ఆరేస్తోంది సువర్ణ. దండెం స్తంభం పట్టుకుని నిలబడ్డ నోవా, ఉన్నట్టుండి దాన్ని వదిలేశాడు. తల్లి వైపు చూశాడు. ఊగాడు. ఒక అడుగు, ఇంకో అడుగు, ఆపైన అడుగులన్నీ కలిసిపోయి పరుగైపోయి, తడి దుప్పటితో సహా ఆమె ఒళ్లో పడ్డాడు.

"ఏవండీ, ఫొటో తీయండి," అంటూనే ఏడ్చేసింది సువర్ణ.

జోజయ్య ఆ కంగారులో కెమెరా మూత తీయకుండానే ఫొటో తీశాడు. రేపు ఫిల్ము కడిగిస్తే అందులో కొడుకు బదులు కారుచీకటి వస్తుంది. పోనిద్దురూ, చూడాల్సినవాళ్ల కళ్లకి మూతల్లేవు.

కంచె అవతల చప్పట్లు వినిపించాయి. డోరిస్ అరచేతులు కందేలా కొడుతోంది. "నీ దగ్గరికే వచ్చాడు లవ్," అంది. "ఎంతమంది పిలిచినా, నీ దగ్గరికే అలా పరుగెత్తాడు."

"అరిసెలు ఆ రోజే చేయాలన్న ముహూర్తం మాకు కుదరదు ఆంటీ. బియ్యం నానాలి, బెల్లం తేవాలి, నాకు లీవు దొరకాలి. శనివారం రండి."

శనివారం సువర్ణ ఇల్లంతా నేతి వాసన. ఎర్రగా వేగిన అరిసెలను నొక్కి నెయ్యి తీసి, చల్లారాక ముందుగదిలో తెల్ల దుప్పటి మీద వరసగా పేర్చింది. జోజయ్య ఈసారి కెమెరా మూత తీసి, ఎందుకైనా మంచిదని జేబులో పెట్టుకున్నాడు. డోరిస్ చర్చికి వేసుకెళ్లే పువ్వుల గౌను తొడుక్కుని ముందు వరసలో కూర్చుంది.

సువర్ణ చేతులు చాచింది. నోవా ఒక్కో అరిసె మీద కాలు మోపుతూ, రాజుగారి ఊరేగింపులా, తల్లి దాకా వచ్చేశాడు.

"నా ఎదురుగానే వేశాడు ఆంటీ," అంది సువర్ణ వాణ్ణి గుండెకు హత్తుకుని. "మీరు మాట నిలబెట్టుకున్నారు."

డోరిస్ వాడు తొక్కిన అరిసెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. బొటనవేలితో నొక్కింది. గుంట పడలేదు. మళ్లీ నొక్కింది. పడలేదు.

"లవ్," అంది తనలో తాను అనుకున్నట్టు, "ముందు వేయించి, ఆ తరవాతా తొక్కించేది? నేను ఆ గురువారం పచ్చి పిండి మీద తొక్కించి ఓవెన్‌లో పెట్టానే."