ఈ ఊరి చెప్పులు

"నీకు అమ్మను," అన్నాడు చెప్పుల మేస్త్రి, ఆమె చేతిలోని జోడు లాక్కుని.

ఆమె తెల్లబోయింది. "నేనేమైనా ఊరికే ఇమ్మన్నానా అన్నా?"

"ఇదే డబ్బుకు మెయిన్ రోడ్డు మీది షోరూములో రెండు జతలిస్తున్నారు. పోయి అక్కడ కొనుక్కో. నా మీద జాలిపడి ఎవరూ కొనక్కర్లేదు."

"జాలా?" ఆమె గొంతు లేచింది. "ఆసుపత్రిలో ఆయాను. రోజంతా వార్డుల్లో తిరిగి తిరిగి చస్తున్నా. జాలిపడాలంటే ముందు నా కాళ్ల మీద జాలిపడతా. ఆ తర్వాతే నువ్వు."

వీధిలో అందరూ ఆమెను లోకలమ్మ అంటారు. ఇంట్లోకి ఏది కొన్నా ఈ ఊళ్లో తయారైందే కొనాలని ఆమె పట్టు. సబ్బులు వెనక వీధి ఆడవాళ్లు చేసినవి. తువ్వాళ్లు నాలుగిళ్ల అవతల మగ్గం మీదవి. ధర ఎక్కువైన చోట వాడకం తగ్గించేది. ఆటో మానేసి పనికి నడిచి వెళ్లేది. సబ్బు అరిగి రేకులా అయినా పారేయనిచ్చేది కాదు, కొత్త సబ్బుకు అతికించేది. "నీతో వేగలేక స్నానమే మానేస్తానే!" అని మొగుడంటే, "మానెయ్, సబ్బు కలిసొస్తుంది" అనేది.

మేస్త్రి కాస్త నెమ్మదించాడు. "అది కాదు చెల్లెమ్మా. కొట్టు ఖాళీ చేస్తున్నాను. అచ్చులూ తోలూ అన్నీ ఇంటికి చేరేశాను. ఇవి రేపు తెగితే కుట్టడానికి ఇక్కడ నేనుండను. ఆ షోరూములోనే ఉద్యోగం దొరికింది, రేపే చేరాలి."

లోకలమ్మకు ఒళ్లు మండింది. "ఇంత పని తెలిసిన చేతులతో వాళ్ల సరుకు అమ్ముతావా?"

"నా చేతులు చూసి పిల్లదాని స్కూలువాళ్లు ఫీజు వదిలేస్తారా?"

ఆ మాటకు ఓడిపోయి ఇంటికెళ్లే మనిషి కాదు లోకలమ్మ.

"సరే, చేరు. రేపు నేనూ అక్కడికే వస్తా. ఈ ఊళ్లో చేసిన చెప్పులున్నాయా అని అందరి ముందూ అడుగుతా. లేవని నీ నోటితో నువ్వే చెప్పాలి."

"రాకు చెల్లెమ్మా, పరువు పోతుంది."

"ఎవరి పరువు?" అని విసవిసా వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నంత పనీ చేసింది. అద్దాల తలుపు తోసుకుని షోరూము నడిమధ్యకు వెళ్లి నిలబడింది. నీలం చొక్కా, మెడలో కార్డు, నున్నగా దువ్విన తల. మేస్త్రిని పోల్చుకోవడానికే ఆమెకు కాస్త సమయం పట్టింది.

"ఏవండీ! ఈ ఊళ్లో చేసిన చెప్పులున్నాయా?"

బేరానికొచ్చినవాళ్లంతా తలలు తిప్పారు. మేనేజరు పరుగున వచ్చాడు.

"మా దగ్గరన్నీ కంపెనీ సరుకే మేడం. ఊళ్లో చేసినవి ఈ రోజుల్లో ఎవరు వేసుకుంటున్నారండీ?"

"నేను వేసుకుంటున్నాను," అంటూ కాలు ముందుకు చాపింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు. "పోనీ, ఈ చెప్పులెవరో చేస్తేనే కదా నా కాళ్లకు వచ్చాయి? మీ కొత్తాయన్ని అడగండి, ఉన్నాయో లేవో."

మేనేజరు నవ్వు పులుముకుని మేస్త్రి వైపు తిరిగాడు. "మేడంకి మన కొత్త మోడల్ చూపించు."

మేస్త్రి ఒక పెట్టె తెచ్చాడు. ఆమె ముఖంలోకి చూడలేదు. స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎవరో ఎక్కడో చేసిన చెప్పు ఆమె కాలికి తొడిగాడు. ఆ వంచిన తలను చూసేసరికి లోకలమ్మ ఆవేశమంతా దిగిపోయింది. ఎందుకొచ్చానా అనుకుంది.

మేనేజరు ఇంకో బేరం వైపు వెళ్లాడు. మేస్త్రి మడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తూ, తల ఎత్తకుండా గొణిగాడు.

"కరుస్తున్నాయని గట్టిగా చెప్పి వెళ్లిపో. సాయంత్రం మా ఇంటికి పెందలాడే రా చెల్లెమ్మా, లేదంటే వరసలో వెనకబడతావు. పొద్దుణ్నుంచీ వచ్చినవాళ్లందర్నీ అక్కడికే పంపుతున్నా."