కొయ్య కింది తల్లి

"ఇదిగో, తెరచాప కొయ్యను బిగించిన ఈ తీగ పోగు లేచింది," అన్నాడు ఇవాబుచి. గుడ్డతో తీగను పైనుంచి కిందికి తుడిచి, దానికి చిక్కుకున్న గుడ్డ దారం చూపించాడు.

పాత పడవలమ్మే మియోషి నిట్టూర్చాడు. "తీగే కదండీ, కొత్తది వేయిస్తా."

"తెరచాప కొయ్య మొదలు కూడా కుళ్లిందేమో. పైకి లేపించండి."

"మళ్లీ అదే పాట! పొద్దుట్నుంచీ కొయ్యెక్కారు, సుత్తితో కొట్టారు, వాసన కూడా చూశారు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత సతాయించరు మహాప్రభో!"

అమ్మేవాడికి ఓపిక ఉండాలంటారు గానీ, మియోషి ఓపిక మధ్యాహ్నానికే అడుగంటింది. ఇవాబుచికి నవ్వు రాలేదు. ఒకినావా నుంచి ఇంకో బేరగాడు రేపు వస్తున్నాడు. ఈ చెక్కపడవ అక్కడికి పోయిందంటే మళ్లీ చేతికందదు. కొనే స్తోమత ఇవాబుచికి ఎలాగూ లేదు. కొయ్య మాత్రం ఇవాళ లేవాలి. లేవకపోతే ఇన్నేళ్ల వెతుకులాటా ఏట్లో కలిసినట్టే.

"కొయ్య కింద పడవను కాచే ఫునాదామా తల్లి ఉంటుందండీ. పడవ కట్టిననాడు నాణేలూ అవీ వేసి పెట్టిన పెట్టె. దాన్ని కదిపితే పడవ ప్రాణం పోతుంది. ఆ తర్వాత ఎవడు కొంటాడు?"

"కదపను. కుళ్లు చూస్తానంతే."

"అసలే ఇది అదృష్టం గల పడవ. ఉత్తరాన సన్‌రికు తీరంలో కట్టారు. ఆ ఊరంతా ఉప్పెనలో కొట్టుకుపోయిందట. ముందే అమ్మేశారు కాబట్టి ఇదొక్కటీ బతికింది."

"అవును. ఇళ్లల్లో దువ్వెన కూడా మిగల్లేదు."

"మీకెలా తెలుసు?"

"మాదీ ఆ ఊరే."

మియోషి ఏదో అనబోయేలోగా ఇవాబుచి మోకాళ్ల మీద కూలబడి, నుదురు చెక్కలకి ఆనించాడు. "దణ్ణం పెడతానయ్యా! ఒక్కసారి, ఒక్కసారి లేపించండి."

"అయ్యయ్యో, లేవండి! పెద్దవారు మీరు... సరే, క్రేన్ పిలుస్తా. మీతో పడలేను బాబూ!"

క్రేన్ వచ్చింది. కొయ్య మూరెడు లేచింది. మొదలు ఇనుములా ఉంది. ఆ సంగతి ఇవాబుచికి ముందే తెలుసు. కుళ్లు తడుముతున్నట్టు చెయ్యి లోపలికి పోనిచ్చాడు. పెట్టె ఉంది! మూత రాదే! గాలి లేచింది, కొయ్య ఊగుతోంది, క్రేన్ మీద మనిషి చెయ్యి తియ్యమని అరుస్తున్నాడు. దేవుడా, ఒక్క క్షణం!

మూత వచ్చింది.

"ఏయ్! పిడికిలి తెరువు!" మియోషి అతని మణికట్టు పట్టుకున్నాడు. "తల్లి నాణేలు కాజేస్తావా? సిగ్గులేదూ?"

పిడికిట్లో నాణేలు లేవు. తెల్లదారంతో కట్టిన నల్లటి జుట్టుపాయ ఉంది.

"మా ఆవిడదండీ. ఈ పడవ కట్టించింది నేనే. పడవ యజమాని భార్య జుట్టు పెట్టడం మా ఆచారం. బదులుగా ఇప్పుడు మా అమ్మాయి జుట్టు పెట్టాను. తల్లికి ఏ లోటూ రాదు."

మియోషికి ఒళ్లు మండిపోయింది. "జుట్టుపాయ కోసం ఇంత నాటకమా! ఇంటికెళ్లి ఆవిణ్ణే అడిగి ఇంకోటి కత్తిరించుకోవచ్చుగా!"

ఇవాబుచి పాయను గుడ్డలో చుట్టి, రొమ్ము జేబులో పెట్టుకున్నాడు.

"ఉప్పెన వచ్చిన నాటినుంచీ ఆవిడ సమాధి ఖాళీగానే ఉందండీ."