పసుపు డ్రమ్ములో టార్క్ కన్వర్టర్

దుబాయిలో డ్రైవరుగా చేసి వచ్చిన లక్ష్మీరాజం కొన్న ఆటోమేటిక్ కారు ఆర్మూరు మార్కెట్ యార్డు ముందు మొరాయించింది.

“గిసోంటివి మస్తు జూసిన” అంటూ మెకానిక్ వాహబ్ గేర్‌బాక్సు విప్పాడు. అందులో క్లచ్చుకు బదులు ఉండే గుమ్మడికాయంత టార్క్ కన్వర్టర్‌లో కిరోసిన్ పోసి, మూతి బిగించి, పసుపుకొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ములో కట్టి తిప్పించాడు. ఎన్నిసార్లు పారబోసినా ఇనుప రజను వస్తూనే ఉంది.

“ఇడిసిపెట్టు భాయ్. క్లచ్చు ఉన్న మామూలు గేర్‌బాక్సు ఏస్తా.”

“వద్దు, గిదే కడుగు.”

“గంత షోకేంది?”

లక్ష్మీరాజం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “షోకు గాదు. నాకు క్లచ్చు తొక్కుడు రాదు. దుబాయిల నేను నడిపినయన్ని గిసోంటియే. ఎవ్వలకు జెప్పకు.”

వాహబ్ మళ్లీ కిరోసిన్ డబ్బా ఎత్తాడు.

“నువ్వు గూడ జెప్పకు. గిసోంటిది నేను సూసుడు గిదే పస్టు.”