లేవి చేను

జేసీబీ బకెట్ గట్టు మీదికి దిగుతుండగా హనుమన్న వెళ్లి సరిగ్గా దాని కిందే చతికిలబడ్డాడు.

"లెయ్ పెద్దాయనా! నాకింగో పని ఉండాది," ఇంజన్ ఆపకుండానే అరిచాడు డ్రైవర్ ఏసుకుమార్.

ఓర్వకల్లు గుట్టల పక్కన రెండెకరాల చేను అది. ఫ్యాక్టరీకి కేటాయించారు. ఖాళీ చేయించడానికి వచ్చిన ఆర్‌ఐ శివజ్యోతికి పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు.

"పట్టా నీ పేరున లేదు కదప్పా. ఎందుకీ మొండితనం?" అంది విసుగ్గా.

"నా చేనని నేనెప్పుడన్నా మేడమ్? ఇది నాతోటి సిపాయి లేవిది. కార్గిల్‌లో నా ఒళ్లోనే పాణం ఇడిసినాడు. గవర్నమెంటోళ్లు వాని కుటుంబానికని ఇచ్చిరి. అప్పటికే వాని పెండ్లాం నిండు కడుపుతో యాడికో వలస పాయ. పాతికేండ్లుగా రాళ్లేరి కాపాడుతాండా."

"ఎవరూ రాలేదనే కదా వెనక్కి తీసుకునేది! వారసులు వచ్చి నిలబడితే ఇప్పుడైనా ఆపేస్తా. ఉన్నారా?"

పాపం, వాళ్ల కోసం హనుమన్న తిరగని ఊరు లేదు, అడగని చర్చి లేదు. ముసలాయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

"రేపు ఆ బిడ్డ వచ్చి మా నాయన చేను యాడ అని అడిగితే నేనేం జెప్పల్ల?"

శివజ్యోతి కళ్లు చెమ్మగిల్లాయి. ఫైలు తెరిచి లేవి పేరు మరోసారి చదువుకుంది.

"మా నాయన కూడా మిలిటరీనే," అంది మెల్లగా.

హనుమన్న ఆశగా లేచి నిలబడ్డాడు. "యా ఊరమ్మా మీది?"

"బనగానపల్లె. నాయన నిక్షేపంగా ఉన్నాడు."

ఆ ఆశా అంతటితో సరి. ఫోన్ మళ్లీ మోగింది. ఆమె తల తిప్పుకుని చెయ్యి ఊపింది. "కానీవయ్యా ఏసుకుమార్."

ఇంజన్ ఆగిపోయింది.

"ఏమైంది, డీజిల్ అయిపోయిందా?" అడిగింది శివజ్యోతి.

ఏసుకుమార్ దిగి నేరుగా హనుమన్న దగ్గరికి వచ్చాడు. ఇందాకటి దూకుడు లేదు.

"పెద్దాయనా, ఆ లేవి పెండ్లాం పేరు సిద్దమ్మేనా?"

హనుమన్న అతని భుజాలు పట్టుకుని కుదిపేశాడు. "అవునప్పా! నీకెట్ల తెలుసు? యాడుండాది?"

"వేంపల్లెలో. మాయమ్మ."