నవనవలాడే నష్టం

బొబ్బర తెగులుకు ముడుచుకుపోయిన మిరపచేను, యలమంద ఫొటో తీసిన ప్రతిసారీ ఫోనులో నవనవలాడుతూ కనబడుతోంది. ఈ కాలంలో ఏ ఫోనూ చెడ్డ ఫొటో తియ్యదు, అన్నిటినీ తనంతట తానే దిద్దేస్తుంది. పంట నష్టం చూడటానికి మనుషులు రావడం ఎప్పుడో మానేశారు. ఇవాళ పొద్దుగూకేలోగా ఫొటో పంపకపోతే పరిహారం లేనట్టే.

"మనమే కాస్త ఎండు రంగు పులుముదామా?" అన్నాడు యలమంద.

"పక్కచేను బ్రహ్మయ్య మామ పులిమితే దొంగ ఫొటో అని తిప్పి పంపలా? ఫోను దిద్దితే అందమంట, మనం దిద్దితే మోసమంట! ఇటు తే" అని భార్య సాంబ్రాజ్యం ఫోను లాక్కుంది. మూలమూలలా వెతికి, ఫోను దిద్దకుండా ఆపే 'మాన్యువల్' అన్న మాట పట్టుకుంది.

మొదటి ఫొటో సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది. రెండోది కటిక బొగ్గు.

"వెలుతురు పెంచవే! అంత కాదు, కొంచెం!" యలమంద ఆమె చుట్టూ గింగిరాలు తిరుగుతున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆమె మళ్లీ నొక్కింది. ముడుచుకున్న ఆకులు, రాలిన పూత, ఎండిన కొమ్మలు ఉన్నవి ఉన్నట్టు పడ్డాయి.

"వచ్చిందయ్యో!" సాంబ్రాజ్యం కేకపెట్టి, పంపేసింది. "నష్టం నమోదయింది" అని ఫోను పలికింది. యలమంద తలగుడ్డ గాల్లోకి ఎగరేశాడు.

డొంకలో పోతున్న ట్రాక్టరు ఆగింది. "ఏందన్నా ఆ గంతులు? పంట బాగా దిగిందా?"

"సర్వనాశనం తమ్ముడూ!" యలమంద ఫోను ఎత్తి చూపుతూ పరుగెత్తాడు. "మొత్తం పోయింది! చూడు, ఎంత బాగా కనపడతందో!"