చిన్నకోడలి గుమ్మడిపాదు

"ఆ దరిద్రాన్ని ఇవాళే పీకి పారెయ్," అంది అత్తగారు పెరటి మెట్ల మీద నిలబడి.

చిన్నకోడలు వంగి ఆకులు తిప్పి చూస్తోంది. అసలు ఆకంటూ మిగిలితే కదా తిప్పడానికి. ఎర్ర పెంకుపురుగులు గుమ్మడిపాదును జల్లెడ చేసి, పువ్వుల్లో కూడా కాపురం పెట్టాయి. పెరటికి ఆ చివర పెద్దకోడలి పాదులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. మచ్చుకైనా ఒక్క చిల్లు లేదు.

"ఒకే మట్టి, ఒకే నీళ్లు. దాని చేతిలో కాయలు కాస్తాయి, నీ చేతిలో పురుగులు కాస్తాయి."

ఈ మాటన్న మహాతల్లి తన జన్మలో కొత్తిమీర కూడా నాటి ఎరగదు. అయినా తీర్పులకు లోటు లేదు. ఆదివారం ఆడపడుచు వస్తోందనీ, ఈ పురుగుల పుట్ట ఆమె కంటపడితే పరువు పోతుందనీ, ఆ మూల కూడా ఇక పెద్దదానికే అప్పజెబుతాననీ తేల్చి చెప్పేసింది.

ఆ ఇంట్లో వంట ఒకరు చెప్పినట్టు జరగాలి, కిటికీ తెరలు ఇంకొకరికి నచ్చినవే వేలాడాలి. చిన్నకోడలి ఇష్టం సాగేది ఆ మూలలో ఒక్కచోటే.

పెద్దకోడలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి అడ్డుపడింది. ఎప్పుడూ ఆమే అడ్డుపడుతుంది.

"పోనీలెండి అత్తయ్యా. మెల్లగా నేర్చుకుంటుంది. ఆ పాదు జోలికి మాత్రం వెళ్లకండి."

ఆ విత్తనాలు ఇచ్చింది కూడా ఆమే. మేలురకమని చెప్పి, తన వాటికన్నా ముందే దగ్గరుండి నాటించింది. చిన్నకోడలు సబ్బునీళ్లు చల్లబోతే లేతమొక్క మాడిపోతుందని సీసా లాక్కుంది. బూడిద చల్లుతానంటే అదీ వద్దంది. అంత ప్రేమ తోడబుట్టిన అక్కలకు కూడా ఉండదు.

"చూడు, అది పాపం ఎంత వెనకేసుకొస్తోందో," అని అత్తగారు మూతి తిప్పుకుంది. "నీకేమో చీమ కుట్టినట్టైనా లేదు."

అదే గుచ్చుకుంది. తిట్లు తినడం చిన్నకోడలికి అలవాటే. ఇంకొకరి జాలి మీద బతకడం మాత్రం అలవాటు లేదు. మర్నాడు పెద్దకోడలు ఆఫీసు పని మీద ఊరెళ్లగానే, పాదును వేళ్లతో సహా పెకలించి వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చింది. పీకుతున్నంతసేపూ పురుగులు బిలబిలమంటూ లేచి ఎగిరిపోయాయి. అత్తగారు కుర్చీ వేసుకుని మరీ చూసి, పీడ విరగడైందంది.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. కాళ్లు కడుక్కోనివ్వకుండానే అత్తగారు ఆమెను పెరట్లోకి లాక్కెళ్లింది, పెద్దకోడలి హస్తవాసి చూపించడానికి. చూపించబోయిన వేలు గాల్లోనే ఆగిపోయింది. నిగనిగలాడిన ఆకులన్నీ తూట్లు. ఏ పువ్వు చూసినా ఎర్రగా పురుగులే.

"ఇదేనా అమ్మా నువ్వు ఫోన్‌లో చెప్పిన తోట?" అంది ఆడపడుచు ముక్కు మూసుకుని.

అత్తగారు ఒక్కో ఆకూ తిప్పి చూస్తుండగానే పెద్దకోడలు ఊరి నుంచి దిగింది. తన పాదుల వంక చూసి నిర్ఘాంతపోయింది. వెంటనే ఖాళీగా ఉన్న ఆ మూలకేసి చూసింది. పాపం అక్క ఎంత బాధపడుతుందోనని ఓదార్చడానికి చిన్నకోడలు దగ్గరికి వెళ్లింది.

పెద్దకోడలు అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడింది.

"దాన్నెందుకు పీకావే? పురుగులన్నీ నా పాదులొదిలి దాని మీద వాలాలనే కదా, ఏరికోరి నీకా విత్తనాలిచ్చింది."