చుట్టాల నంబర్లు

మొన్న ఓణీల ఫంక్షనుకు వచ్చిన చుట్టాల ఉంగరాలు, కళ్లజోళ్లు, చివరికి చెప్పులు కూడా వైఫై కోసం ఇంటి రూటరు దగ్గర తలా ఒక నంబరు తీసుకున్నాయి. ఆ సాయంత్రమే వకుళ అత్తగారు మేడమీద గదిలో ఒంటరిగా పోయారు. ఆవిడ మెడలోని పిలుపు మీట ఎందుకు మోగలేదో చూడటానికి ఇవాళ మెకానిక్ కరీముల్లా వచ్చాడు.

"అత్తయ్య అసలు నొక్కారా?"

"నొక్కారమ్మా. నంబర్లన్నీ అయిపోయి దీనికి దొరకలేదు. ఆవిడ మాటలు ఇందులోనే ఉండిపోయాయి."

"చుట్టాలు ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయారుగా?"

"వాళ్లు వెళ్లినా నంబర్లకి రెండ్రోజుల గడువుంటదమ్మా."

అంతలో ఎవరో చుట్టం గడువు తీరింది. కరీముల్లా చేతిలో మీట పచ్చగా వెలిగింది. వంటింటి స్పీకరులో అత్తగారి గొంతు పలికింది.

"వకుళా, ఒక్కసారి పైకి రామ్మా."

"వస్తున్నా అత్తయ్యా" అంటూ వకుళ మూడు మెట్లెక్కి ఆగిపోయింది.

ఆ పిలుపు ఇంకా పదమూడుసార్లు వినిపించింది.